మస్టరు రోలు నకలు

సమాచార హక్కు అనగానే మనకు 2005 నాటి చట్టమే గుర్తుకు వస్తుంది. ఆ హక్కు కోసం తొలి పెనుగులాటల్లో ఒకటి రాజస్థాన్ పల్లెల్లో, పంచాయతీ బీరువాల ముందు జరిగింది.

కరవు పనులకు వెళ్ళిన కూలీలు కనీస వేతనం ఎందుకు ముట్టలేదని అడిగితే, మస్టరులో పని అంతే నమోదయిందని జవాబు వచ్చేది. మస్టరు చూపమంటే అది ప్రభుత్వ రహస్యం! కూలివాడి హాజరులో రహస్యమేమిటో!

1990 మే 1న ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబరు 2న పాలీ జిల్లా కోట్ కిరానాలో తొలి జన సునవాయి జరిపి, ఆ కాగితాలను ఊరి ఎదుట చదివించింది. ఆడిటరుకు ఓచరుతో ఓచరు సరిపోతే చాలు. కూలి పుచ్చుకున్నట్లు రాసినవాడు ఏనాడో చనిపోయాడనీ, బిల్లు చెల్లించిన కట్టడం పూర్తే కాలేదనీ చెప్పగలిగేది ఊరివారే. అందుకు అక్షరజ్ఞానం కూడా అక్కరలేదు, చదివేవారొకరుంటే చాలు.

1995లో ముఖ్యమంత్రి భైరోన్ సింగ్ షెకావత్ నకళ్ళు ఇస్తామని శాసనసభలో ప్రకటించారు. ఏడాదైనా అది అమలు కాలేదు. 1996 ఏప్రిల్‌లో బ్యావర్‌లో మొదలైన ధర్నా 40 రోజులు సాగింది. చూసుకోండి గాని జెరాక్సు ఇవ్వబోమన్నారు. చూసినది చేతిలో లేకపోతే ఊరిలో చదివేదేమిటి? పంచాయతీ నిబంధనలు సవరించాక గాని ఆ పేచీ తీరలేదు.

2006లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనులకు మొదలైన సామాజిక తనిఖీలది ఈ దారే. మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ తిరగడం, ఆపైన మండల కేంద్రంలో అందరి ఎదుట చదవడం.