కోటబొమ్మాళి దారిలో చిన్న కారు

1960లలో శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి మీదుగా సాగే పెద్ద రోడ్డు మీద కారు కనిపిస్తే అది అంబాసిడరో, ఫియట్టో, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డో అయి ఉండాలి. దేశంలో కార్లు చేసే కంపెనీలే మూడు. ధర ఎంతో ప్రభుత్వం చెప్పేది, ఎవరికి ముందు ఇవ్వాలో కూడా ప్రభుత్వమే చెప్పేది. 1959లో వచ్చిన నియంత్రణ ఉత్తర్వు ప్రకారం డబ్బు కట్టినవాడు వరసలో ఉండాలి. ఫియట్‌కైతే ఆ వరస ఏళ్ల తరబడి సాగేది. బండి చేతికొచ్చాక కొంతకాలం దాకా అమ్ముకోవడానికీ అనుమతి కావాల్సిందే. దాంతో వాడిన ఫియట్ ధర కొత్త ఫియట్ ధరను మించిపోయే విడ్డూరం నడిచింది. ఏ కారు మంచిది, దేనికి ఎంత పెట్టవచ్చు అని ఆలోచించే అవకాశమే లేదు. దొరికిందే మంచి కారు.

శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగంలో అలా కారు దొరికేవాళ్లు కూడా బహు కొద్దిమంది: మిల్లుల యజమానులు, పెద్ద వ్యాపారులు, పేరున్న డాక్టర్లు, కాంట్రాక్టర్లు. మిగతా జనానికి హౌరా–మద్రాసు రైలు, ఆర్టీసీ బస్సు, నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపూరు పోయే చిన్న రైలు, ఊళ్లోకి ఎడ్లబండి. కారు ఉన్నవాడు దాన్లో చూసుకునేవి రెండే: రేకు దళసరిగా ఉండాలి, ఆగిపోతే బాగుచేసే మేస్త్రి దగ్గర్లో ఉండాలి. ఈ రెండింట్లోనూ అంబాసిడర్‌కు తిరుగులేదు. లీటరుకు పది కిలోమీటర్లు వస్తే గొప్ప అనుకునే బండే అయినా, టెక్కలి షెడ్డులో విప్పితే టెక్కలి షెడ్డులోనే బిగించవచ్చు.

సామాన్యుడికి చవక కారు అన్న ఆలోచన ఢిల్లీలో 1959 నాటికే ఉంది. కేంద్ర మంత్రి మనుభాయ్ షా దాన్ని ముందుకు తెచ్చారు, ఎల్.కె. ఝా కమిటీ పరిశీలించింది. బస్సులకూ లారీలకూ చాలని డబ్బును, ఉక్కును కార్లకు మళ్లించడం ఎందుకన్న వాదన గెలవడంతో ఫైలు పక్కకు పోయింది. చాలా ఊళ్లకు బస్సే లేని, ఇదే జిల్లాలోని ఉద్దానం వైపు నుంచి చూస్తే ఆ వాదన తీసిపారేయాల్సింది కాదు. 1971లో సంజయ్ గాంధీ పెట్టిన మారుతి కంపెనీ చిన్న కారు తెస్తానని చెప్పి, తేకుండానే ఆ దశాబ్దం చివర మూతపడింది. 1980లో ప్రభుత్వం దాన్ని జాతీయం చేసింది. 1981లో మారుతి ఉద్యోగ్ ఏర్పడింది. 1982 అక్టోబరులో జపాన్ కంపెనీ సుజుకీతో ఒప్పందం కుదిరింది. 1983 డిసెంబరు 14న ఢిల్లీకి చెందిన హర్‌పాల్ సింగ్‌కు ప్రధాని ఇందిరా గాంధీ మొదటి మారుతి 800 తాళాలు అందించారు. ధర 47,500 రూపాయలు.

796 సీసీల మూడు సిలిండర్ల ఇంజిన్, అంబాసిడర్ బరువులో సగానికి కాస్త ఎక్కువ బరువు. తలుపు వేస్తే మోగే చప్పుడే తేలిగ్గా ఉండేది. రేకు మందాన్ని బట్టి కారు గట్టిదనాన్ని లెక్కగట్టే అలవాటున్నవాళ్లకు ఇది మొదట రుచించలేదు. మేస్త్రులకు ఇంకో చిక్కు వచ్చింది. అంబాసిడర్ బోల్టులు అంగుళాల లెక్కవి, దీనివి మిల్లీమీటర్ల లెక్కవి. పానాల పెట్టె మార్చుకోవాలి. ఇంజిన్ ముందు చక్రాలను తిప్పుతుంది కనుక గేర్‌బాక్సు, యాక్సిల్ పనీ కొత్తగా నేర్చుకోవాలి. అయితే లీటరుకు పదిహేను దాటి వచ్చే మైలేజీ, పొద్దున్నే ఒక్క తిప్పుకు స్టార్టయ్యే ఇంజిన్ ఆ సందేహాలను త్వరలోనే తుడిచేశాయి. కారు నడపడానికి జీతానికి డ్రైవరు ఉండితీరాలన్న ఆనవాయితీ కూడా ఈ బండితోనే సడలింది. స్కూటరు నడిపే లెక్చరరు, బ్యాంకు ఉద్యోగి స్టీరింగు పట్టుకున్నారు. మొదటి ఏళ్లలో దీనికీ బుకింగులు, నిరీక్షణలు, బ్లాకు ధరలు తప్పలేదు.

1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సు నిబంధన ఎత్తేశారు. దాని ఫలితం 1998లో ఒక్కసారిగా కనిపించింది. హ్యుందాయ్ శాంత్రో, దేవూ మాటిజ్, టాటా ఇండికా ఆ ఏడాదే వచ్చాయి. కొనేవాడు ఒకదాన్ని మరోదానితో పోల్చిచూసే రోజులు అప్పుడు మొదలయ్యాయి. వాటిలో పల్లెలనూ చిన్న పట్టణాలనూ ఎక్కువ మార్చింది ఇండికా. 1.4 లీటర్ల డీజిల్ ఇంజిన్ మోటుగా మోగేది, చిల్లర రిపేర్లు తరచూ వచ్చేవి. అయినా డీజిల్ చవక, వెనక సీటు విశాలం. అద్దెకు తిప్పడానికి అంతకంటే ఏం కావాలి? పెళ్లి ప్రయాణానికీ, విశాఖ ఆసుపత్రికీ మాట్లాడుకునే బండిగా అంబాసిడర్ స్థానాన్ని ఆక్రమించింది. కిడ్నీ జబ్బు ప్రబలిన ఉద్దానంలో రోగులకు డయాలసిస్ విశాఖలోనే దొరికిన ఏళ్లలో ఈ అద్దె ప్రయాణాలు మొక్కుబడివి కావు. వారం వారం వంద కిలోమీటర్లకు పైగా పోయి రావాలి. వెనక సీట్లో మనిషి పడుకోగలడా, గతుకుల్లో కుదుపు ఎంత అన్నవి షోరూం కాగితం మీద లేని కొలతలు. ఇక్కడి కొనుగోలుదారు వాటికే ఎక్కువ మార్కులు వేశాడు.

స్వర్ణ చతుర్భుజి పథకం కింద, కోటబొమ్మాళి మీదుగా పోయే ఐదో నంబరు జాతీయ రహదారి నాలుగు వరసలు కావడంతో ఆ మార్కుల పట్టిక మళ్లీ మారింది. 2010లో దానికి 16 అన్న కొత్త నంబరు వచ్చింది. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం దాకా లారీల వెనక పాకుతూ నలభైలో పోయిన బండి ఇప్పుడు ఎనభైలో, వందలో పోవాలి. మారుతి 800 ఆ వేగంలో వణుకుతుంది, పక్కనుంచి లారీ దూసుకుపోతే ఊగుతుంది. రోడ్డు బాగుపడటం వల్లనే అది చిన్నబోయిందనాలి. 2014 జనవరిలో తయారీ ఆగేదాకా దేశమంతటా పాతిక లక్షలకు పైగా అమ్ముడైన కారు అది.

ఇప్పటి చిన్న కార్ల ఆకారం వెనక ఇంజినీరు కన్నా ఆర్థిక మంత్రి చెయ్యి ఎక్కువ. 2006 బడ్జెట్‌లో చిదంబరం చిన్న కార్ల మీద ఎక్సైజు పన్నును 24 శాతం నుంచి 16కు తగ్గించారు. ఆ తగ్గింపు దక్కాలంటే పొడవు నాలుగు మీటర్లు దాటకూడదు. పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ మించకూడదు. కంపెనీలు కార్లను ఆ గీతకు లోపల ఇమిడేలా కత్తిరించడం మొదలుపెట్టాయి. 2008లో టాటా ఇండిగో సీఎస్, 2012లో స్విఫ్ట్ డిజైర్ డిక్కీని కురచ చేసుకుని ఎక్కువ పన్నును తప్పించుకున్నాయి. తర్వాత వచ్చిన బ్రెజా, నెక్సాన్, వెన్యూ ఎత్తుగా, పెద్దగా కనిపించినా ఆ నాలుగు మీటర్ల సంతానమే. అనంతపురం ప్రాంతంలోని పెనుకొండ దగ్గర 2019లో కార్ల తయారీ మొదలుపెట్టిన కియా మరుసటి ఏడాది తెచ్చిన సోనెట్ కూడా అంతే. పన్ను గీత బాగా అర్థమైనవాడికి ధరల పట్టికలోని అగాధాలు ఆశ్చర్యం కలిగించవు.

లక్ష రూపాయల కారుగా 2008లో ప్రదర్శించి, 2009లో అమ్మకానికి పెట్టిన నానో కథ వేరు. 624 సీసీల ఇంజిన్ వెనక ఉంటుంది, సామాను పెట్టే చోటు అంతంత మాత్రం. బడ్జెట్ కారులో ఇంజినీరింగు పరంగా అంత తెలివైనది మరొకటి రాలేదనే చెప్పాలి. అయినా నిలవలేదు. ధర తక్కువన్నదే దాని పేరుగా మారింది, కొన్ని బండ్లు మంటల్లో చిక్కుకోవడం ఆ పేరును ఇంకా దెబ్బతీసింది. పేదవాడి కారు అని ముద్ర పడిన వస్తువును పేదవాడే కొనడు. అదే సొమ్ముకు నాలుగేళ్లు వాడిన ఆల్టో వస్తుంది. 2018తో నానో తయారీ దాదాపు ఆగిపోయింది.

వాడిన కారు ఈ ప్రాంతంలో అప్పటికే సొంత మార్కెట్‌గా ఎదిగింది. 2010లో పెట్రోలు ధరపై నియంత్రణ తీసేసి డీజిల్‌పై 2014 దాకా ఉంచడంతో రెండింటి ధరల మధ్య ఎడం పెరిగింది, స్విఫ్ట్ డీజిల్‌కు గిరాకీ పోటెత్తింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య ప్రమాణం రాగానే మారుతి డీజిల్ ఇంజిన్లను మానేసింది. కొత్తది దొరకదు కనుక పాత డీజిల్ స్విఫ్ట్ ధర పడిపోకుండా నిలిచింది. బండ్లు వచ్చే దారులు మూడు: వలసపోయినవాళ్లు తెచ్చుకునే హైదరాబాదు బండి, ఇచ్ఛాపురం దాటితే తగిలే బరంపురం నుంచో పర్లాకిమిడి నుంచో వచ్చే ఒడిశా బండి, పదేళ్లు దాటిన డీజిల్ కార్లను రాజధాని రోడ్ల మీద తిరగనివ్వకపోవడంతో దక్షిణాదికి పారిన ఢిల్లీ బండి. చివరిది చూడ్డానికి అన్నింటికన్నా చవక.

ఆ చవకలో సగం కాగితాల్లో కరిగిపోతుంది. వేరే రాష్ట్రం బండికి అక్కడి రవాణా అధికారి ఇచ్చే నిరభ్యంతర పత్రం కావాలి. పన్నెండు నెలలు మించి ఇక్కడే ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి, బండి వయసును బట్టి ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. 2014 జూన్‌లో రాష్ట్రం విడిపోయాక హైదరాబాదు బండికీ ఇదే వర్తించింది. అంతకుముందు ఏపీ 09 నంబరు కారు కొని తెచ్చుకోవడం శ్రీకాకుళం ఏపీ 30 బండి కొన్నంత తేలిక. ఫైనాన్సు తీరినా ఆర్సీలో ఆ కంపెనీ పేరు కొట్టించని బండ్లు, అమ్మినవాడి సంతకాలు ఖాళీ ఫారాల మీద పెట్టించుకుని నలుగురు చేతులు మారిన బండ్లు బేరంలోకి వస్తూనే ఉంటాయి. పేరు మార్పించుకోకపోతే నష్టం కొన్నవాడికే అని చాలామంది అనుకుంటారు. కానీ ఆర్సీలో పేరున్నవాడే ప్రమాద పరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే అమ్మినవాడు అంతకంటే ఎక్కువ జాగ్రత్త పడాలి.

కాగితాల తర్వాత రేకు. కోటబొమ్మాళి మండలంలోని నారాయణవలస పశువుల సంతలో ఎద్దు పళ్లు చూసి వయసు చెప్పేవాళ్లలాగే, ఈ తీరంలో కారు కొనేవాళ్లు కిందికి వంగి తుప్పు చూసి బండి ఎక్కడ తిరిగిందో చెబుతారు. భావనపాడు, వజ్రపుకొత్తూరు, బారువ వైపు ఉప్పుగాలిలో, నౌపడ ఉప్పు మడుల పక్కన నిలిపే కారుకు పైన రంగు ఎంత మెరిసినా అడుగు తినేస్తుంది. తలుపుల కింది అంచులు, కాళ్ల కింది మ్యాటు ఎత్తితే కనిపించే రేకు, స్టెప్నీ పెట్టే గుంట, జాకీ పెట్టే చోటు, బ్రేకు పైపులు ముందుగా పోతాయి. పుట్టీ పట్టించి రంగు కొట్టిన చోట వేలితో తడితే శబ్దం మారుతుంది. నీట మునిగిన బండి అంతకన్నా ప్రమాదం. 2015 చివర చెన్నై వరదలు, 2020లో హైదరాబాదు, 2024లో విజయవాడ మునకల తర్వాత బీమా కంపెనీలు వదిలించుకున్న కార్లు బాగుచేయించుకుని బజారుకెక్కాయి. సీటు బెల్టును చివరిదాకా లాగితే కనిపించే బురద మరక, డ్యాష్‌బోర్డు కింద పచ్చబారిన వైరు కొసలు వాటి గుట్టు చెబుతాయి. తిత్లీ తుపాను 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరినీ జీడినీ నేలకూల్చింది. ఆ వెంటనే ఈ ప్రాంతం నుంచి అమ్మకానికి వచ్చిన బండి పైకప్పు, పిల్లర్లు కూడా నిదానంగా చూడాల్సినవే.

మెట్ట ప్రాంతంలో, నగరంలో తిరిగిన కారుకు తుప్పు తక్కువే గానీ క్లచ్చు, బ్రేకులు ముందుగా అరుగుతాయి. క్లచ్చు ప్లేటు మార్చవచ్చు, తిన్న ఛాసీని మార్చలేం. అందుకే ఇక్కడ ఎక్కువ కిలోమీటర్లు తిరిగిన హైదరాబాదు బండి, తక్కువ తిరిగిన తీరం బండి కన్నా తరచూ మెరుగు. పైగా మీటరులో అంకె నమ్మదగినది కాదు, దాన్ని వెనక్కి తిప్పడం పాత విద్య. పెడల్ రబ్బర్ల అరుగుదల, టైరు పక్కన వారం, సంవత్సరం చెప్పే నాలుగంకెల ముద్ర, సర్వీసు బిల్లులు దానికి సాక్ష్యం. చల్లారిన ఇంజినును స్టార్టు చేయించి చూడాలి. నీలం పొగ వస్తే ఆయిల్ మండుతోంది, ఆగకుండా తెల్ల పొగ వస్తే నీళ్లు సిలిండర్‌లోకి పోతున్నాయి. పొద్దున్నే వెళ్లేసరికి బండి ముందే వేడెక్కి ఉంటే, దాన్ని వేడెక్కించాల్సిన అవసరం ఎందుకొచ్చిందో అడగాలి.

ప్రాణరక్షణ అన్నది ఈ లెక్కలోకి అన్నింటికన్నా ఆలస్యంగా వచ్చింది. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో కార్ల ప్రాథమిక మోడళ్లను గుద్దించి చూసి అన్నింటికీ సున్నా స్టార్లు ఇచ్చింది. 2018లో నెక్సాన్ ఐదు స్టార్లు తెచ్చుకున్నాక, షోరూములో మైలేజీ తర్వాత ప్రశ్న అదే అయింది. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి, డ్రైవరు ఎయిర్‌బ్యాగు ఆ జూలై నుంచి, పక్క సీటుకు ఎయిర్‌బ్యాగు 2022 మొదలు నుంచి తప్పనిసరయ్యాయి. పాత కారు కొనేవాడికి ఈ తేదీలు ధర కన్నా ముందు చూడాల్సినవి. 2018 చివరి కారుకూ, 2019 చివరి కారుకూ బజారులో తేడా కొద్ది వేలే కావచ్చు, నాలుగు వరసల రోడ్డు మీద ఆ తేడా చాలా పెద్దది. దేశం సొంతంగా పెట్టుకున్న భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష 2023 అక్టోబరులో మొదలైంది.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం, దానిపై సెస్సు పోయి 18 శాతానికి దిగింది. ఆల్టో కే10 లాంటి కొత్త కారు షోరూమ్ ధర నాలుగు లక్షల లోపుకు రావడంతో, రెండు మూడేళ్లు వాడిన బండి ధర కూడా దిగక తప్పలేదు. మరోవైపు 2009, 2010 నాటి ఆల్టోలు, వ్యాగనార్లు, శాంత్రోలు పదిహేనేళ్ల గీత దాటాయి. అక్కడ ఆర్సీ గడువు ముగుస్తుంది. తనిఖీ చేయించి మరో ఐదేళ్లకు పొడిగించుకోవాలి. ఒకప్పుడు 600 రూపాయలున్న ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. హరిత పన్ను, తనిఖీకి ముందు చేయించాల్సిన టింకరింగు, టైర్ల ఖర్చు దీనికి అదనం. పద్నాలుగో ఏట అమ్మకానికి వచ్చిన బండి ధరలోంచి ఈ మొత్తాన్ని ముందే తీసేసి బేరమాడటం టెక్కలి, పలాస బ్రోకర్ల దగ్గర ఇప్పుడు మామూలైంది.