విచారణ, ఉపదేశి, వలస: అచ్చంపేట ప్రాంతంలో కతోలిక సంఘ నిర్మాణం

ప్రవేశిక

పారిష్‌ను తెలుగు కతోలికులు 'విచారణ' అంటారు. దాని బాధ్యత వహించే గురువు 'విచారణకర్త'. న్యాయస్థానాల వాడుకలో ఈ మాటకు దర్యాప్తు అనే అర్థం స్థిరపడినా, సంఘ జీవితంలో దీని అర్థం బాగోగులు కనుక్కోవడం, యోగక్షేమాలు చూడడం. పారిష్ అనే పాశ్చాత్య పదానికి మూలమైన గ్రీకు మాట 'పరోయికియా'. పరాయి చోట తాత్కాలికంగా నివసించేవారి స్థితిని అది సూచిస్తుంది. తొలి శతాబ్దాల క్రైస్తవులు తమను తాము అలా భావించుకున్నారు. తర్వాతి కాలంలో ఆ మాట సరిహద్దులున్న ఒక స్థిర పరిపాలనా ప్రాంతానికి పేరైంది. బతుకుదెరువు కోసం ఏటా ఊళ్లు ఖాళీ అయ్యే పాలమూరు నేలమీద ఈ రెండు అర్థాలూ ఎదురుపడతాయి. నల్లమల అంచున ఉన్న అచ్చంపేట ప్రాంతాన్ని ప్రధాన సందర్భంగా తీసుకొని, దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతంలో కతోలిక సంఘం ఏ శక్తుల మీద నిలబడిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. గురువులు, మఠకన్యల సేవను గురించి సంస్థాగత చరిత్రలు విస్తారంగానే చెప్పాయి. సంఘాన్ని రోజువారీగా నిలిపిన ఉపదేశికి, ఆ సంఘపు ఉనికిని కాగితం మీద చిక్కులో పడవేసిన రాజ్యాంగ ఉత్తర్వుకు ఆ చరిత్రలలో దక్కిన చోటు తక్కువ.

ఆలస్యంగా వచ్చిన మేత్రాసనం

తెలుగు నేలపై కతోలిక సంఘాలకు స్థిరమైన ఆరంభం 18వ శతాబ్ది తొలి ఏళ్లలో ఫ్రెంచి జెస్విట్ల కర్ణాటక మిషన్‌తో జరిగింది. 1773లో జెస్విట్ సభ రద్దు కావడంతో ఆ సంఘాలు చాలాకాలం గురువుల కొరతతో గడిపాయి. నిజాం రాజ్యంలో పరిస్థితి వేరు. 1851లో హైదరాబాదు ప్రత్యేక వికారియేటుగా ఏర్పడింది. 1855లో మిలాను నగరపు విదేశీ మిషన్ సంస్థకు చెందిన గురువులు ఇక్కడికి వచ్చారు. ఈ సంస్థే తర్వాత పి.ఐ.ఎం.ఇ.గా ప్రసిద్ధమైంది. 1886లో హైదరాబాదు మేత్రాసనమైంది. 1952లో వరంగల్ వేరుపడింది, 1953లో హైదరాబాదు అగ్రపీఠమైంది. నల్లగొండ కేంద్రంగా మేత్రాసనం ఏర్పడడానికి మరో రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. 1976 మే 31న స్థాపితమైన ఆ మేత్రాసనానికి పి.ఐ.ఎం.ఇ. సభ్యుడే అయిన మాథ్యూ చెరియన్‌కున్నేల్ తొలి మేత్రాణులు. నల్లగొండ జిల్లాతో పాటు పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా కూడా దాని పరిధిలోకి వచ్చింది. కృష్ణ, తుంగభద్రల నుంచి మూసీ దాకా వ్యాపించిన ఈ భూభాగానికి నల్లగొండ నుంచి పరిపాలన. అచ్చంపేట ఆ పటంలో దక్షిణపు అంచు, అడవి మొదలయ్యే చోటు.

కతోలికులు ఇక్కడికి వచ్చేనాటికి నేల ఖాళీగా లేదు. 1880లలోనే పాలమూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నిలదొక్కుకుంది. 20వ శతాబ్ది తొలి దశకంలో మెన్నొనైట్ బ్రదరన్ మిషనరీలు నాగర్‌కర్నూల్‌ను తమ కేంద్రాలలో ఒకటిగా చేసుకున్నారు. దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి, జడ్చర్ల మొదలైన చోట్ల వారి ఆసుపత్రులు, బడులు, సంఘాలు వెలిశాయి. ప్రొటెస్టెంటు మిషన్లు పరస్పర ఒప్పందాలతో క్షేత్రాలను పంచుకున్నాయి. కతోలిక సంఘం ఆ ఒప్పందాలలో భాగస్వామి కాదు. అందువల్ల ఈ ప్రాంతంలో 'క్రైస్తవుడు' అనే మాట వినగానే గ్రామీణుడి మనసులో మెదిలేది బాప్టిస్టు పాస్టరు, తెలుగు బైబిలు, ముంపు బాప్తిస్మం. జపమాల, మరియమాత స్వరూపం, అవివాహిత గురువు, శిశు జ్ఞానస్నానం వివరణ కోరే విషయాలు. అల్పసంఖ్యాకులలో అల్పసంఖ్యాకులైన కతోలికులకు సంఘ నిర్మాణమంటే, ఒకే వాడలో వేరే ఆరాధనకు వెళ్లే మేనమామతోనూ వియ్యంకుడితోనూ కలిసి బతకడం నేర్చుకోవడం కూడా.

1975 డిసెంబరు 8న, అంటే నల్లగొండ మేత్రాసనం ఏర్పడడానికి ఆరు నెలల ముందు, ఆరవ పౌలు పోపు సువార్తీకరణపై 'ఎవాంజెలీ నూన్షియాందీ' అనే పత్రాన్ని వెలువరించారు. మాటకంటే ముందు జీవిత సాక్ష్యం రావాలని, చిన్న చిన్న సంఘాలు తిరుసభకు ఆశాజనకమని ఆ పత్రం చెప్పింది. కొత్త మేత్రాసనం పుట్టుకతోనే ఆ భావజాలంలో పెరిగింది. రెండవ వాటికన్ మహాసభ (1962–65) తర్వాత పూజ తెలుగులోకి వచ్చింది. కాబట్టి ఇక్కడి విశ్వాసులలో చాలామందికి లత్తీను పూజ జ్ఞాపకమే లేదు. వారి కతోలిక జీవితం మొదటినుంచీ తెలుగులోనే సాగింది. కోస్తా జిల్లాల పాత రెడ్డి, కమ్మ కతోలిక కుటుంబాల అనుభవానికీ దీనికీ ఉన్న ఈ భేదం చిన్నది కాదు.

ఉపదేశి

మెట్ట ప్రాంతపు విచారణ ఒక ఊరు కాదు. ఒక కేంద్రం, దాని చుట్టూ అనేక ఉపకేంద్రాలు. గురువు అన్ని చోట్లా ప్రతి ఆదివారం పూజ చేయలేరు. రెండు రాకల మధ్య వారాల ఎడం ఉంటుంది. ఆ ఎడంలో సంఘం సంఘంగా మిగిలిందంటే ఉపదేశి వల్లనే. సాయంత్రం ప్రార్థనకు జనాన్ని పోగుచేయడం, పిల్లలకు జపాలు నేర్పడం, జ్ఞానస్నానానికి పెద్దలను సిద్ధం చేయడం, జబ్బుపడ్డవారి కబురు గురువుకు చేరవేయడం, చావు ఇంట ముందుగా చేరడం, తగవులలో నచ్చజెప్పడం అన్నీ అతని పనులే. ఆదివారం గురువు లేనప్పుడు వాక్యం చదివి ప్రార్థన నడిపేదీ అతడే. ఇలాంటి ఆరాధనలకు రోము 1988లో ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చింది. ఉపకేంద్రాల తెలంగాణకు అది కొత్త సంగతి కాదు.

అతని సామాజిక స్థానం ఇరుకైనది. వాడకు చెందినవాడే కనుక అతని మాట వాడకు అర్థమవుతుంది. గురువు తరఫున మాట్లాడేవాడు కనుక వాడ అతణ్ణి కొంత అనుమానంగానూ చూస్తుంది. అతనికి ముట్టేది చిన్న భత్యం. అది మేత్రాసనపు ఆదాయాన్ని బట్టి మారుతుంది. చాలాచోట్ల భార్య కూలి అతని ఉపదేశానికి ఆధారం. 'ఆద్ జెంతెస్' అనే మహాసభ పత్రం (1965) ఉపదేశుల సేవను ప్రత్యేకంగా కొనియాడింది. అయినా ఉపదేశి పనిని తిరుసభ ఒక స్థిర పరిచర్యగా నెలకొల్పింది 2021 మే 10న, ఫ్రాన్సిస్ పోపు 'అంతీకువుమ్ మినిస్తేరియుమ్' పత్రంతో. మధ్యలో యాభై అయిదేళ్లకు పైగా గడిచాయి. ప్రశంసకూ హోదాకూ మధ్య ఉన్న ఈ దూరం తిరుసభ చరిత్రకారులను ఇబ్బంది పెట్టవలసినంతగా పెట్టలేదు.

ఆసియా మేత్రాణుల సమాఖ్య 1990లో బాండుంగ్ సమావేశంలో తిరుసభను 'సంఘాల సహవాసం'గా భావించాలని పిలుపునిచ్చింది. దాని ప్రభావంతో చిన్న క్రైస్తవ సంఘాల ఉద్యమం భారతదేశమంతటా సాగింది. పది పదిహేను కుటుంబాలు కలిసి వాక్యం పంచుకోవాలన్నది దాని పద్ధతి. పట్టణ విచారణలలో పెద్ద సంఘాన్ని చిన్నవిగా విడదీయడం కొత్త ప్రయత్నం. పాలమూరు ఊళ్లలో క్రమం తలకిందులు. అక్కడ చిన్న గుంపే మొదట పుట్టింది, విచారణ తర్వాత వచ్చింది. దాన్ని నడిపినవారిలో స్త్రీల పాత్ర ప్రత్యేకంగా గమనించదగ్గది. అక్టోబరు జపమాల మాసం. బతుకమ్మ రోజులు కూడా దాదాపు ఆ కాలానివే. సాయంత్రం పూట స్త్రీలు ఒకచోట చేరి కలిసి పలికే, కలిసి పాడే అలవాటు ఈ నేలకు ముందునుంచే ఉంది. ఇంటింటి జపమాల ఆ అలవాటుకు దగ్గరగా వచ్చింది కనుకనే త్వరగా పాదుకుంది.

సంస్కృతీకరణ అన్ని చోట్లా అంత సులువు కాలేదు. 1969లో భారతీయ ఆరాధనకు రోము అనుమతించిన పన్నెండు మార్పులలో హారతి, నూనె దీపం, పంచాంగ ప్రణామం, నేలపై కూర్చోవడం వంటివి ఉన్నాయి. భారతీయత పేరిట వచ్చిన ఈ రూపాలలో కొన్ని గుడి సంప్రదాయానివి. ఆ గుడిలోకి తమ తాతలను రానివ్వలేదన్న సంగతి దళిత విశ్వాసికి గుర్తుంటుంది. మరి డప్పు? అది వాడ సొంత వాద్యం, అంబేద్కరిస్టు ఉద్యమాలు దానికి గౌరవం తెచ్చాయి. కాని వెట్టిలో, చావు మోతలో కొట్టించిన డప్పును పూజలోకి తేవడానికి ఇష్టపడని దళిత క్రైస్తవులూ ఉన్నారు. 'స్థానిక సంస్కృతి' అనేటప్పుడు స్థానికులలో ఎవరిది అన్న ప్రశ్న వేయని సంస్కృతీకరణ చర్చ ఇక్కడ అక్కరకు రాదు.

రెండు దస్తావేజులు, రెండు పేర్లు

ప్రతి విచారణలోనూ జ్ఞానస్నానాల, వివాహాల, మరణాల పుస్తకాలు ఉండాలని 1983 నాటి తిరుసభ చట్టం 535వ నిబంధన చెబుతుంది. జ్ఞానస్నానపు పద్దులో బిడ్డ పేరు, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు, గురువు, తేదీ, స్థలం రాస్తారు. భూమి పట్టాలు లేని కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. రెవెన్యూ రికార్డులో కనబడని తాత ఈ పుస్తకంలో పేరుతో కనబడతాడు, పక్కన నాయనమ్మ పేరు కూడా ఉంటుంది. జ్ఞాన తల్లిదండ్రుల పద్ధతి రక్తసంబంధం లేని రెండు ఇళ్ల మధ్య లిఖిత బంధం కల్పించింది. మాల, మాదిగ భేదాన్ని ఆ బంధం ఎంతవరకు దాటిందన్నది ఊరు ఊరునా విడిగా అడగవలసిన ప్రశ్న.

అదే పుస్తకం భయానికీ కారణమైంది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడవ పేరా ప్రకారం హిందువు కానివారు షెడ్యూల్డు కులాల వారు కారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు వచ్చింది, క్రైస్తవులకు రాలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1970లో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారిని వెనుకబడిన తరగతుల 'సి' వర్గంలో చేర్చి 1 శాతం రిజర్వేషన్ కల్పించింది. 1977లో కొన్ని ఆర్థిక రాయితీలను వారికీ వర్తింపజేసింది. అచ్చంపేట శాసనసభ నియోజకవర్గం, నాగర్‌కర్నూల్ లోక్‌సభ నియోజకవర్గం రెండూ షెడ్యూల్డు కులాలకు కేటాయించినవే. తమ వాడ జనసంఖ్య వల్ల రిజర్వు అయిన స్థానంలో, ఆ వాడలోనే పుట్టిన క్రైస్తవుడు క్రైస్తవుడిగా పోటీ చేయలేడు. ఫలితంగా జ్ఞానస్నానపు పుస్తకంలో ఒక పేరు, బడి రిజిస్టరులో మరొక పేరు. జనాభా లెక్కల్లో క్రైస్తవుల సంఖ్యకూ ఆదివారం కూడే జనానికీ పొంతన లేదన్న విమర్శ వెనుక ఉన్న యంత్రాంగం ఇదే. దీన్ని మోసమని కొట్టిపారేయడం తేలిక. మతం మారినా వాడ మారని, బావి మారని, కూలి రేటు మారని చోట, కులం పోయిందని చెప్పిన ఉత్తర్వునే ముందు ప్రశ్నించాలి.

2024 నవంబరు 26న సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక వ్యాజ్యంలో, జ్ఞానస్నానం పొంది క్రైస్తవాన్ని ఆచరిస్తున్న వ్యక్తి ఉద్యోగం కోసం షెడ్యూల్డు కులపు ధ్రువపత్రం కోరడం చెల్లదని తీర్పు ఇచ్చింది. ఆ వ్యాజ్యంలో పరిశీలనకు వచ్చిన ఆధారాలలో జ్ఞానస్నానపు నమోదు ఒకటి. వంశానికి తొలి లిఖిత జ్ఞాపకంగా నిలిచిన పుస్తకం కోర్టులో ఎదుటి పక్షపు సాక్ష్యం కాగలదని దీనివల్ల తేలింది. తిరుసభ లోపలి కులవివక్ష వేరే అధ్యాయం. భారత కతోలిక మేత్రాణుల సమాఖ్య 2016 డిసెంబరులో వెలువరించిన దళిత సాధికారతా విధానంలో ఆ వివక్షను అంగీకరించింది. 2022 ఆగస్టులో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంథోని కార్డినల్ అయ్యారు. తెలుగువారిలోనూ, దళితులలోనూ ఆయనే మొదటివారు.

అచ్చంపేటకు దక్షిణాన, అమ్రాబాదు పీఠభూమి మీది చెంచు పెంటలలో ఈ చిక్కు లేదు. షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో మత నిబంధన లేదు. 1940లో ఇక్కడ పరిశోధన చేసి 1943లో గ్రంథం ప్రచురించిన హైమెన్‌డార్ఫ్ చెంచుల దైవాలను, చిన్న గుంపులుగా సాగే వారి జీవనాన్ని వివరంగా నమోదు చేశాడు. నిత్యం స్థలం మార్చే గుంపుకు కేంద్రం, ఉపకేంద్రం అనే విచారణ నమూనా అతకదు. చట్టం అడ్డు లేని చోట సంఘ నిర్మాణానికి జీవన విధానమే వేరే ప్రశ్న వేస్తుంది.

వలస

పాలమూరు కూలీ దేశమంతటా మట్టిపనికి పేరుపొందాడు. నాగార్జునసాగర్, శ్రీశైలం వంటి ఆనకట్టల నిర్మాణంలో అతని శ్రమ ఉంది. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి కుటుంబాలనే తరలించుకుపోయే పద్ధతి దశాబ్దాలు సాగింది. బొంబాయి, పుణె దారి పట్టినవారు వేరే. వానాకాలపు పని ముగిశాక ఊళ్లో ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు మిగులుతారు. ఉపదేశి ప్రార్థన గంట కొడితే వచ్చేది వాళ్లే. క్రిస్మసుకు కొందరు తిరిగి వస్తారు, కొందరికి మేస్త్రీ సెలవు దొరకదు. తపస్సుకాలం, ఈస్టరు పనుల మీద ఉండగానే గడిచిపోతాయి. దూర నగరంలో ఆ కుటుంబం తెలుగు పూజ దొరకక దగ్గరలోని స్వతంత్ర సంఘపు తెలుగు ప్రార్థనకు వెళ్తే, తిరిగి వచ్చాక వాళ్లు ఎవరి సంఘస్థులన్న ప్రశ్న వస్తుంది. దీన్ని విశ్వాసలోపంగా చూసే విచారణ వాళ్లను పోగొట్టుకుంటుంది. పేరు పెట్టి పలకరించి, బిడ్డ ఎంత ఎదిగిందని అడిగే విచారణకు వాళ్లు దక్కుతారు.

తిరుసభ చట్టంలో ఒక ఏర్పాటు ఈ సందర్భానికి ఎంతో తగినది. 1122వ నిబంధన ప్రకారం వివాహం ఎక్కడ జరిగినా దాన్ని వధూవరుల జ్ఞానస్నానపు పుస్తకంలో నమోదు చేయాలి. పుణెలో ఇటుకల మీద పనిచేస్తూ అక్కడే పెళ్లాడిన యువకుడి సంగతిని అక్కడి గురువు ఇతని సొంత విచారణకు రాసి పంపాలి. ఆ ఉత్తరం వచ్చిన రోజున విచారణకర్త పాత పుస్తకం తెరిచి, ఇరవై ఏళ్ల కిందటి ఆ బిడ్డ పేరు వెదికి, పక్కనున్న ఖాళీలో భార్య పేరు, తేదీ, ఊరు రాస్తారు.