రేణిగుంట రన్‌వేకు మూడు లేఖ్యములు: గగనమార్గ దత్తాంశముల పుట్టుపూర్వోత్తరములు

రేణిగుంట విమానాశ్రయమునకు నేలమీద నున్నది ఒక్క రన్‌వేయే; కాని, ఇంటి కంప్యూటరులో ఫ్లైట్ సిమ్యులేటరును నెలకొల్పుకొని విమానచోదనము నభ్యసించు ఔత్సాహికుని యంత్రమునందు ఆ ఒక్క రన్‌వేయే మూడు చోట్ల, మూడు విధముల లిఖింపబడి యుండును. కంటికి గోచరించు భూదృశ్యము, అనగా సీనరీ, ఒక లేఖ్యము. రేడియో కేంద్రముల స్థానములను, వాని పౌనఃపున్యములను, గగనమార్గ బిందువులను కూర్చిన పట్టిక రెండవది. విమానపు కంప్యూటరు తనకై ప్రత్యేకముగ చదువుకొను దత్తాంశము మూడవది. ఈ మూటికిని ఏకవాక్యత యున్నంతవరకు, తూర్పు దిక్కునుండి దిగివచ్చు విమానము తిరుమల కొండలను కుడిచేతివైపున నుంచుకొని 26 అను సంఖ్యగల కొనయందు రన్‌వే మధ్యరేఖపై నెమ్మదిగ వ్రాలును. వీనిలో నేదేని యొకటి వెనుకబడెనా, విమానము రన్‌వే ప్రక్కనున్న గడ్డినేలకు గురిపెట్టును. లేక, రేణిగుంట యను విమానాశ్రయమే తన పట్టికలో లేదని కంప్యూటరు పలుకును.

ఇట్టి చిక్కు వచ్చినప్పుడు సామాన్యముగ అందరును యంత్రమును నిందింతురు. కాని యథార్థమేమనగా, వేర్వేరు కాలములలో, వేర్వేరు మనుష్యులు ఒకే స్థలమును గూర్చి చెప్పిన సాక్ష్యములు ఒకచోట చేరినందున పుట్టిన వైరుధ్యమే ఆ లోపము. ఏ సాక్ష్యము ఏనాటిదో తెలిసినగాని దానిని సరిదిద్దుట సాధ్యము కాదు. అందుచేత ఈ దత్తాంశముల జన్మవృత్తాంతము కేవలము కుతూహలమునకు మాత్రమే గాక, చికిత్సకును ఉపకరించును.

భూమిమీద ఒక బిందువునకు సంఖ్యలతో స్థానము నిర్ణయించు మహాప్రయత్నము మన ప్రాంతమునకు చేరువనే ఆరంభమైనది. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు సమీపమందలి సెయింట్ థామస్ మౌంట్ చెంత ఆధారరేఖను కొలిచి, అచ్చటినుండి త్రిభుజములను పడమటికి, మైసూరు పీఠభూమి దిక్కునకు విస్తరింపజేసెను. ఆ మహాసర్వేక్షణమును కొనసాగించిన జార్జి ఎవరెస్టు 1830లో భూగోళమునకు నిర్ణయించిన ఆకృతియే చిరకాలము భారతదేశపు పటములకు మూలాధారమయ్యెను. కాని కృత్రిమోపగ్రహముల యుగము వచ్చిన పిమ్మట, సమస్త ప్రపంచమునకును చెల్లు మరియొక ఆకృతి, డబ్ల్యు.జి.ఎస్. 84 అను పేర వెలసెను. అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ దానిని 1998 జనవరి 1 నుండి ప్రమాణముగ నిర్ణయించెను. మన దక్షిణదేశమున ఒకే స్థలమును ఈ రెండు పద్ధతులతో లెక్కించిన యెడల, ఫలితముల నడుమ వంద మీటర్లకు పైబడిన భేదము కానవచ్చును. రన్‌వే వెడల్పు సాధారణముగ 45 మీటర్లే గనుక, పాత పటమునుండి ఎత్తి వ్రాసిన అక్షాంశ రేఖాంశములు క్రొత్త దత్తాంశమున చొరబడినచో విమానము రన్‌వేను తప్పుటకు ఆ భేదమే చాలును.

స్థానము తెలిసినంతమాత్రమున పైలటునకు దారి తెలియదు. 1930 ప్రాంతమున అమెరికాలో టపా విమానములు నడుపుచుండిన ఎల్‌రే జెప్పెసెన్ ఈ కొరతను ప్రాణసంకటముగ అనుభవించినవాడు. దుర్వాతావరణమున తోటి పైలట్లు అనేకులు మరణించుచుండగా, అతడు పది సెంట్లకు ఒక చిన్న నోటుపుస్తకము కొని, దిగుటకు వీలగు మైదానముల పొడవు, వాని వాలు, దీపములు, అడ్డువచ్చు కట్టడములు, వాతావరణము నడిగి తెలిసికొనుటకు ఆయా చోటుల రైతుల టెలిఫోను సంఖ్యలు మున్నగునవి అందు వ్రాసికొనెను. కొండలును, పొగగొట్టములును తానే యెక్కి, ఎత్తు తెలుపు సాధనముతో కొలిచి చూచెను. ఇతర పైలట్లు ఆ పుస్తకమునకై ఆసపడగా, 1934లో ప్రతిని పది డాలర్లకు అమ్మనారంభించెను. నేటి గగనమార్గ దత్తాంశములలో గణనీయమైన భాగము అతని పేరిట వెలసిన సంస్థనుండియే వెలువడుచున్నది. స్వయముగ చూచి, కొలిచి వ్రాసిన ఆ మహనీయుని పద్ధతి ఈ శాస్త్రమునకు పునాదిరాయి వంటిదని చెప్పుటకు నేను సందేహింపను.

వ్యక్తి వ్రాసికొన్న పుస్తకము దేశముల నడుమ ఒడంబడికగా పరిణమించుటకు 1944 నాటి షికాగో సమావేశము దోహదమొనర్చెను. ఆ ఒడంబడికకు అనుబంధముగ 1953లో వైమానిక సమాచార సేవలను గూర్చిన నియమావళి వెలువడెను. అంతటితో సమస్య తీరలేదు. ఒక దేశము తన మార్పును నేడు ప్రకటింపగా, మరియొక దేశపు పైలటు దానిని నెల గడచినపిమ్మట చదివెనేని, ఇద్దరు పైలట్లు ఒకే ఆకాశమును రెండు విధముల నెరుగుదురు. దీనికి పరిహారముగ 1964లో ఐరాక్ అను పద్ధతి ఏర్పడెను. ముఖ్యమైన మార్పులన్నియు ఇరువది యెనిమిది దినములకొక్కసారి, గురువారమునాడే, ప్రపంచమంతటను ఒక్కసారిగ అమలులోనికి వచ్చును. ఆ సమాచారము కనీసము ఇరువది యెనిమిది దినములకు ముందే వాడుకదారులకు చేరవలెను. సంవత్సరమునకు సాధారణముగ ఇట్టి ఆవృత్తములు పదమూడు; 2020లో వలె తేదీలు కలిసివచ్చినపుడు పదునాలుగు వచ్చును. గత సంవత్సరపు పంచాంగముతో ఈ సంవత్సరపు ముహూర్తము పెట్టరాదని మన పెద్దలకు తెలిసినట్లే, గడచిన ఆవృత్తముతో నేటి గగనమార్గమున పయనింపరాదని పైలట్లకు తెలియును.

ఇంత తరచుగ మారుటకు భూమియు ఒక కారణము. రన్‌వే సంఖ్యలు అయస్కాంత దిక్కును బట్టి పెట్టినవి. రేణిగుంటలో ఒకే రన్‌వే రెండు కొనలకు గల 08, 26 అను సంఖ్యలు ఇంచుమించు 80, 260 డిగ్రీల దిక్కులను సూచించును. భూమి అయస్కాంతక్షేత్రము మెల్లమెల్లగ జరుగుచుండుటచే, లండను సమీపమందలి స్టాన్‌స్టెడ్ విమానాశ్రయము 2009లో తన 05, 23 సంఖ్యలను 04, 22గా మార్చుకొనవలసి వచ్చెను. ఇక మనుష్యుల నిర్మాణములు సరేసరి. తిరుపతి క్రొత్త టెర్మినలు 2015 అక్టోబరు 22న ప్రారంభమైనది. రన్‌వేను 2,286 మీటర్లనుండి 3,810 మీటర్లకు పెంచు పని చేపట్టబడినది. ఇట్టి పొడిగింపులో రన్‌వే కొన ఒక కిలోమీటరుకు మించి జరుగవచ్చును. సీనరీ పాతదై దత్తాంశము క్రొత్తదైనచో, కంప్యూటరు చూపు కొనయొద్ద కంటికి కనబడునది పొలము!

1975లో ఆరింక్ 424 అను లేఖనప్రమాణము వెలువడి, పటమునందలి విషయమును యంత్రము చదువగల పంక్తులుగ మార్చెను. ఒక్కొక్క పంక్తిలో 132 స్థానములు. ఏ స్థానమున ఏ విషయముండవలెనో ముందే నిర్ణయింపబడినది. విమానము ఒక బిందువునుండి మరియొక బిందువునకు చనురీతులు, వలయమార్గములు, నిర్ణీతమైన యెత్తువరకు ఎగబ్రాకుట మొదలగునవి సంకేతములుగ మారెను. 1982లో సేవలో ప్రవేశించిన బోయింగ్ 767 వంటి విమానములతో ఈ దత్తాంశమును మోయు కంప్యూటరు పైలటు ప్రక్కకు చేరెను.

చిత్రమేమనగా, ఇంటి సిమ్యులేటరు చరిత్రయు సరిగ్గా ఈ కాలముననే సాగినది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున చదివిన బ్రూస్ ఆర్ట్‌విక్ 1975లో కంప్యూటరు తెరపై విమానగమనమును చూపు విషయమై సిద్ధాంతవ్యాసము వ్రాసెను. అతని కృషి ఫలితమైన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 1982లో విడుదలయ్యెను. అందలి ప్రపంచము అమెరికాలోని కొద్ది ప్రాంతములకే పరిమితము. 2020లో వెలువడిన సంపుటిలోనో, విమానాశ్రయములు ముప్పదియేడు వేలు. తొలినాళ్ల ఆటగాళ్లందరికిని పరిచితమైన షికాగోలోని మెగ్స్ ఫీల్డ్ రన్‌వేను 2003 మార్చి చివర ఒక రాత్రివేళ నగరాధిపతి ఆజ్ఞపై త్రవ్విపారవేసిరి. కాని అనేకుల కంప్యూటర్లలో ఆ రన్‌వే ఆ తరువాతను చెక్కుచెదరక నిలిచి యుండెను.

తెలుగువారి అనుభవమునకు వచ్చిన ఉదాహరణము ఇంతకంటె స్పష్టమైనది. 2008 మార్చిలో హైదరాబాదు పౌరవిమానములు బేగంపేటను విడిచి శంషాబాదునకు తరలినవి. ప్రయాణికుల టిక్కెట్లపై అచ్చుపడు హెచ్.వై.డి. అను సంకేతము శంషాబాదునకు సంక్రమించెను. పైలట్లు వాడు నాలుగక్షరముల సంకేతము మాత్రము బేగంపేటకు వి.ఓ.హెచ్.వై.గానే నిలిచి, శంషాబాదునకు వి.ఓ.హెచ్.ఎస్. అను క్రొత్త సంకేతము వచ్చెను. 2006లో వెలువడిన ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్‌లో బేగంపేట యుండెను, శంషాబాదు లేదు. క్రొత్త దత్తాంశము వేసిన విమానము రేణిగుంటనుండి హైదరాబాదునకు బయలుదేరినచో కంప్యూటరు శంషాబాదు దారిని చూపును. దిగవలసిన చోట తెరపై బయలు మాత్రమే కనబడును. దత్తాంశమును క్రొత్తదిగ చేసినందువలన సీనరీ తానై క్రొత్తది కాదను సత్యము ఇంతకంటె విశదముగ బోధపడదు.

ఈ చరిత్రయే చికిత్సాక్రమమును నిర్దేశించును. విమానాశ్రయము పట్టికలో లేదని వచ్చినచో, మొదట సంకేతమును చూడవలెను: విమానపు కంప్యూటరు కోరునది వి.ఓ.టి.పి. గాని టిక్కెట్లపై నుండు టి.ఐ.ఆర్. కాదు. పిదప విమానము వాడు ఆవృత్తసంఖ్యను, సిమ్యులేటరు వాడు ఆవృత్తసంఖ్యను సరిపోల్చవలెను. అనేక విమానములు తమ దత్తాంశమును వేరుగ మోసికొని తిరుగును గనుక, ఒకదానిని నవీకరించిన మాత్రమున రెండవది నవీకృతము కాదు. ఎక్స్‌ప్లేన్ అను సిమ్యులేటరులో కస్టమ్ డేటా ఫోల్డరునందున్నదానికే ప్రాధాన్యము. అచ్చట పాత ఫైళ్లు కొన్ని, క్రొత్తవి కొన్ని కలిసిపోయిన యెడల ఫలితము రెండింటికంటెను హీనము కాబట్టి, పాతవాని నన్నిటిని తొలగించి క్రొత్తవి పూర్ణముగ వేయుట ఉత్తమము. పూర్వము దాచుకొన్న ప్రయాణప్రణాళికలలో తొలగింపబడిన బిందువు లుండవచ్చును. వానిని మరల రచించుకొనవలెను.

విమానాశ్రయము కనబడుచు, విమానము మాత్రము ప్రక్కకు దిగుచున్న యెడల దోషము ప్రాయికముగ సీనరీది. ఒకే విమానాశ్రయమునకు రెండు సీనరీలు చేరినవేమో పరిశీలింపవలెను. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటరులో కమ్యూనిటీ ఫోల్డరును ఖాళీచేసి చూచుట, దోషము మాయమైనచో తీసినవాటిని సగము సగముగ తిరిగి చేర్చుచు కారకుని పట్టుకొనుట చిరకాలముగ నిలిచిన ఉపాయము. రన్‌వే గోతిలోనో గుట్టమీదనో ఉన్నట్లు తోచిన యెడల, నేలయెత్తుల దత్తాంశమునకును సీనరీకిని పొత్తు కుదురలేదని గ్రహింపవలెను. కొండల నీడనున్న రేణిగుంట వంటి చోట ఇది ఉపేక్షింపదగిన విషయము కాదు.

ఒక్క విషయము మాత్రము మనఃపూర్వకముగ చెప్పవలసియున్నది. నావిగ్రాఫ్ వంటి సంస్థలు ప్రతి ఆవృత్తమును చందాదారులకు అందించుచున్నవి. కాని ఆ దత్తాంశమునకు తోడుగ నిలువవలసిన సీనరీని, అనగా రన్‌వే, టాక్సీవే, నిలుపుచోట్ల రూపమును, చాలవరకు స్వచ్ఛందముగ కృషిచేయువారే తీర్చుచున్నారు. ఎక్స్‌ప్లేన్ సీనరీ గేట్‌వేకు ఎవరైనను ఒక విమానాశ్రయపు రూపరేఖను సమర్పింపవచ్చును. అంగీకరింపబడినది తరువాతి విడుదలలలో ప్రపంచమునందలి వాడుకదారులందరకును చేరును. జెప్పెసెన్ చేసిన పనికిని దీనికిని స్వరూపమున భేదమే గాని స్వభావమున భేదము లేదు: చూచినదానిని చూచినట్లు, ఏనాడు చూచితిమో ఆ తేదీతో వ్రాయుట. తిరుపతి, రేణిగుంట ప్రాంతములందలి యువకులు, తమ యూరి రన్‌వే మారిన ప్రతిపర్యాయమును, ఆ మార్పును లేఖ్యమున కెక్కించు బాధ్యత తమదిగ స్వీకరింతురేని, దోషమును కనుగొనుట యను చిన్నవిద్య దోషము పుట్టకుండ కాపాడు పెద్దవిద్యగా పరిణమించును.