ముదిమి - మనవి - నిదర్శనము

మంచము పట్టిన వృద్ధునకు అన్నము పెట్టువారెవరు? పక్క సర్దువారెవరు? ఏండ్ల తరబడి ఆ వ్యయము భరించువారెవరు? కన్నబిడ్డలే యని మనము వెంటనే చెప్పుదుము. బిడ్డలు లేనపుడు, ఉన్నను శక్తి చాలనపుడు, ప్రభుత్వమునకు మనవి చేసికొనక తప్పదు. ఆ మనవికిని ఒక చరిత్ర కలదు. ఇంగ్లీషువారి దేశమున అది నాలుగు శతాబ్దులలో ఎట్లు మారినదో నేడు వివరించెదను.

1601లో, ఎలిజబెత్తు రాణి కాలమున, అక్కడ ఒక శాసనము చేసిరి. ప్రతి పారిష్, అనగా ఒక్కొక్క చర్చికి చెందిన ఊరు, ఆస్తిపరులపై పన్ను వేసి కుంటివారిని, గ్రుడ్డివారిని, వృద్ధులను పోషింపవలెను. శక్తిగల బిడ్డలు తల్లిదండ్రులను పోషింపవలెనని కూడ ఆ శాసనమే విధించినది. పన్ను వసూలుచేసి పంచువానికి ఓవర్సీరు అని పేరు. అడుగువాడును ఇచ్చువాడును ఒక్క ఊరివారే. కావున ఓవర్సీరు దయగలవాడైన వృద్ధునకు కడుపు నిండెను, కానిచో ఎండెను.

1834లో చట్టము మరింత కఠినమైనది. సాయము కోరువారిని వర్కుహౌసు అను శాలలో చేర్పవలెననియు, లోపలి బ్రదుకు వెలుపలి నిరుపేద కూలివాని బ్రదుకుకంటె హీనముగా నుండవలెననియు నియమించిరి. ఒడలు వంచని సోమరులకై పుట్టిన నియమమిది. దాని దెబ్బ మాత్రము ఒడలు వంగిన ముసలివారికిని తగిలినది. ముదుసలి దంపతులను సైతము వేరువేరు భాగములలో నుంచిరి. అరువది యేండ్లు దాటినవారిని బలవంతముగా విడదీయరాదని 1847లో సవరణ వచ్చినది. అయినను ఆకలికి ఓర్చుకొనిరి గాని, ఆ గడప త్రొక్కుటకు పలువురు జంకిరి. మనవి చేయుట యనగా మర్యాద పోగొట్టుకొనుటయే యయ్యెను.

1908లో వచ్చిన వృద్ధాప్య పింఛను చట్టము ఆ అవమానమును చాలవరకు తుడిచివేసినది. డెబ్బది యేండ్లు నిండి, ఏటికి 21 పౌనులకు మించని రాబడిగలవారికి వారమునకు 5 షిల్లింగులు ఇచ్చిరి. దరఖాస్తు తపాలా కచేరిలో దొరకెడిది. పైకమును అచ్చటనే చేతికి వచ్చెడిది. 1909 జనవరి 1న తొలి పింఛను పంచిరి.

అవమానము తగ్గినది గాని నిదర్శనపు చిక్కు మొదలైనది. ఐర్లండులో జననములను నమోదుచేయుట 1864లో గాని ఆరంభము కాలేదు. డెబ్బది యేండ్ల వృద్ధుడు తన వయస్సు నెట్లు రుజువు చేయగలడు? 1841, 1851 జనాభా లెక్కల పుస్తకములను వెదకించిరి. 1839 జనవరిలో ఆ దేశమున గొప్ప గాలివాన వచ్చెను. ఆ రాత్రి తనకు జ్ఞాపకమున్నదని చెప్పుటయు ఒక సాక్ష్యమయ్యెను. ధాత కరువుతోను, దివిసీమ ఉప్పెనతోను వయస్సులు లెక్కించిన మన పల్లెలకు ఇది వింత గాదు.

అయితే పింఛను వేరు, పరిచర్య వేరు. అయిదు షిల్లింగులతో రొట్టె కొనవచ్చును గాని, లేవలేనివానిని లేపి కూర్చుండబెట్టు చేయి దొరకదు. అట్టివారిలో పలువురికి పాత వర్కుహౌసులే గతియయ్యెను. తుదకు 1948 జులై 5న అమలునకు వచ్చిన జాతీయ సహాయ చట్టము పాత పేదల చట్టమును రద్దుచేసి, ముదిమిచేతను అశక్తతచేతను సంరక్షణ అవసరమైన వారికి వసతి చూపుట స్థానిక ప్రభుత్వముల విధి యని శాసించినది. ఉన్నవాడు ఉన్నంతలో చెల్లింపవలెను. లేనివాని కొరత ప్రభుత్వము పూరించును. ఇంగ్లండులో ఆ విధులు 2014 నాటి సంరక్షణ చట్టములోనికి మారినవి గాని, ఆస్తి రాబడులను విచారించు పద్ధతి పోలేదు.

మన దేశమున కేంద్ర ప్రభుత్వము 1995 ఆగస్టు 15న జాతీయ వృద్ధాప్య పింఛను ఆరంభించి, 65 ఏండ్లు నిండిన నిరుపేదలకు నెలకు 75 రూపాయలు ఏర్పరచెను. 2011లో ఆ వయస్సును 60కి తగ్గించిరి. పూర్తిగా మంచమునకే పరిమితమైనవారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2024లో నెలకు 15,000 రూపాయలు నిర్ణయించినది. వయస్సు వేరు, సంరక్షణావసరము వేరు అను గుర్తింపు ఇందు కానవచ్చుచున్నది.

ఈ చరిత్రవలన నేను గ్రహించిన దొక్కటి. చట్టము ఎంత మంచిదైనను, మనవి చేయనివాని గడపకు అది తనంత రాదు. మంచము పట్టినవాడు కచేరికి నడువలేడు. కార్డులో తప్పు పడిన వయస్సును దిద్దించుకొనలేడు. వైద్యుని పత్రము తెచ్చుకొనలేడు. కాలు చేయి ఆడుచున్నపుడే పత్రములు సరిచూచుకొనుట వివేకము. అక్షరము తెలిసిన పెద్దలు ఇరుగుపొరుగు వృద్ధులకు ఒక దరఖాస్తు వ్రాసిపెట్టుట అన్నదానమునకు తీసిపోని పుణ్యము. ఆ కాగితము యాచన గాదు. పన్నులు కట్టి, పంటలు పండించి, బిడ్డలను పెంచినవారు తమ ఊరిని, తమ దేశమును న్యాయముగా అడుగు మాట అది.