జెంటూ అంటే మనమే

బెంగుళూరు హాస్టళ్ళలో మన పిల్లలను తోటివాళ్ళు ‘గుల్టీ’ అని ఆటపట్టించడం వింటూనే ఉన్నాం. ‘తెలుగు’ను తిరగేస్తే పుట్టిన మాట అంటారు. కొందరు నవ్వేస్తారు, కొందరు నొచ్చుకుంటారు. పరాయివాళ్ళు మనకు పేరు పెట్టడం ఇది మొదటిసారేం కాదు. రెండు వందల ఏళ్ళ కిందట మద్రాసు ఇంగ్లీషువాళ్ళు మనల్ని ‘జెంటూ’ అనేవారు. జెంటూ భాష, జెంటూ లిపి, జెంటూ జనం, ఇలా మనకు సంబంధించిన ప్రతిదానికీ ఆ విశేషణమే.

దీనికి మూలం పోర్చుగీసువారి ‘జెంతియో’. దానికీ మూలం లాటిన్ ‘జెంటిలిస్’. ఒకే వంశంవాడని తొలి అర్థం. ఫ్రెంచివారి నోట అది మంచి వంశంలో పుట్టినవాడై, ఇంగ్లీషులో జెంటిల్‌మన్ దాకా వచ్చింది. చర్చివారి నోట అన్యమతస్థుడైంది. మనకు దక్కింది ఈ రెండోది. జెంటిల్‌మన్‌కీ జెంటూకీ ఇంటిపేరు మాత్రం ఒక్కటే!

పోర్చుగీసువాళ్ళకు ముస్లిములు ‘మూర్లు’, హిందువులు ‘జెంతియోలు’. ఆ లెక్కన దేశంలోని హిందువులందరూ జెంటూలే కావాలి. బెంగాలులో అయ్యారు కూడా. 1776లో లండనులో వెలువడిన హాల్‌హెడ్ ‘జెంటూ ధర్మశాస్త్రం’లో తెలుగు ఊసే ఉండదు. అది వారన్ హేస్టింగ్స్ పదకొండుమంది పండితుల చేత కూర్పించిన హిందూ న్యాయస్మృతి. మద్రాసులో మాత్రం ఆ మాట మనకే అంటుకుంది. తమిళానికి ‘మలబారు’ అని మరో పొంతనలేని పేరు పెట్టారు, అది వేరే కథ.

మనకే ఎందుకు అంటుకుంది? 1886లో వచ్చిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువులో యూల్, బర్నెల్ ఊహించిన కారణం నాకు సబబుగానే తోస్తుంది. పోర్చుగీసువాళ్ళు వచ్చేనాటికి దక్షిణాన పెద్ద హిందూ రాజ్యం విజయనగరం. దాన్ని ఆ ఇద్దరూ తెలుగు రాజ్యంగా లెక్కవేశారు. మన కన్నడ మిత్రులు దీనికి ఒప్పుకోరు, వాళ్ళ వాదమూ గట్టిదే. ఆ విజయనగర సామంతుడు కెంపేగౌడ 1537లో కట్టించిన ఊళ్ళోనే కదా ఇప్పుడు మనమంతా ఉన్నది!

మతాన్ని చెప్పే మాటను భాషకు తగిలిస్తే తెలుగు మాట్లాడే ముస్లిం ఏమవుతాడు? క్రైస్తవుడు ఏమవుతాడు? వాళ్ళకు ఆ మాటలో చోటే లేదు. అది తిట్టా కాదా అన్నదాని కంటే నాకు ఇదే పెద్ద లోపంగా కనిపిస్తుంది.

1816లో కాంబెల్ మద్రాసులో అచ్చువేసిన వ్యాకరణానికి పేరు పెట్టేటప్పుడు ‘తెలుగు’ను ముందు నిలిపాడు. ‘సామాన్యంగా జెంటూ అంటారు’ అన్నది వెనక తోకలా మిగిలింది. ఆ పుస్తకంలోనే ఎల్లిస్, తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుటుంబానివనీ సంస్కృతం నుంచి పుట్టినవి కావనీ ఉదాహరణలతో చూపించాడు. కాల్డ్వెల్ గ్రంథం వచ్చింది ఆ తరువాత నలభై ఏళ్ళకు, 1856లో. బ్రౌను దొర 1852లో నిఘంటువు వేసేనాటికి మన భాష పేరు తెలుగే.

ఈ ఊళ్ళో కంప్యూటర్ పనిచేసే కుర్రవాళ్ళను జెంటూ అంటే ఏమిటని అడిగి చూడండి. అదొక లినక్స్ అంటారు. 2002లో దాని తొలి పూర్తి రూపం వచ్చింది. వేగంగా ఈదే జెంటూ పెంగ్విన్ పేరు దానికి పెట్టారు. మరి ఆ పెంగ్విన్‌కు మన పాత పేరు ఎలా వచ్చిందంటే, దాని తలమీది తెల్లపట్టీ తలపాగాలా కనిపించి ఉంటుందని కొందరంటారు. పండితులింకా తేల్చలేదు.