చదరంగపు గళ్ళ లెక్క: అల్ బీరూనీ, పావులూరి మల్లన

షత్రంజ్ పలకలో 64 గళ్ళుంటాయి. మొదటి గడిలో ఒక గింజ ఉంచి, గడిగడికీ రెట్టింపు చేస్తూ పోతే మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615 గింజలవుతాయి. ఈ సంఖ్య అరబ్బీ గ్రంథంలోనూ ఉంది, తెలుగు పద్యంలోనూ ఉంది.

అబూ రైహాన్ అల్ బీరూనీ (973–1048) క్రీ.శ. 1000 ప్రాంతంలో రచించిన 'అల్ ఆసారుల్ బాఖియా'లో దీనిని లెక్కగట్టారు. గళ్ళన్నిటినీ కూడే పని లేకుండా వర్గాల మార్గాన్ని ఎన్నుకున్నారు. 16 వర్గం 256, దాని వర్గం 65,536; మరి రెండుమార్లు వర్గం చేసి ఒకటి తీసివేస్తే చాలు.

కోనసీమకు ఎగువన రాజమహేంద్రవరంలో 11వ శతాబ్దిలో రాజరాజ నరేంద్రుడు పాలించాడు. ఆ కాలంవారని పరంపర చెప్పే పావులూరి మల్లన, జైనుడైన మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని తెనిగించారు. ఆయన పేరిట నిలిచిన పద్యంలో మాటలే అంకెలు: చంద్రుడు 1, బాణాలు 5, ఆకాశం సున్న. ఒకట్ల స్థానం నుండి ఎడమకు పేర్చితే వచ్చే ఇరవై అంకెలూ బీరూనీ ఇచ్చినవే.

వర్గం నుండి ఒకటి తీసివేస్తే మిగిలేది రెండు సంఖ్యల లబ్ధం: 255 = 15 × 17. కనుక బీరూనీ మార్గమే ఈ మహాసంఖ్య కారణాంకాలనూ చూపుతుంది: 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297. ఇవన్నీ ప్రధానసంఖ్యలేనని 17వ శతాబ్దిలో ఫెర్మా తలచారు. 1732లో ఆయిలర్ చివరిదానిని 641 × 67,00,417గా విడదీశారు.

ఒక్క అంకె తప్పినా ఈ గుణకారం కుదరదు. అరబ్బీ ప్రతిని ఎత్తిరాసిన కాతిబులు, తెలుగు పద్యాన్ని నిలిపిన లేఖకులు తమ అమానత్‌ను నెరవేర్చారనడానికి ఈ లెక్కే సాక్ష్యం.