గంట విని గడిపిన కాలం

మీ పుట్టింట్లో గంటలు కొట్టే గోడ గడియారం ఉండేదా? దాని ముఖం మీద తాళంచెవి పెట్టే కన్నాలు రెండుండేవి, గుర్తుందా? ఒకటి ముళ్ళు తిరగడానికి, రెండోది చిన్న సుత్తి గంట కొట్టడానికి. రెండోదానికి కీ ఇవ్వడం మరిచామా, గడియారం మూగదైపోయేది!

అసలు గడియారమన్న మాటలోనే గడియ ఉంది. గడియంటే 24 నిమిషాలు. రోజుకి 60 గడియలు. పూర్వం అడుగున సన్నని బెజ్జమున్న గిన్నెను నీళ్ళ మీద వదిలేవారు. అది నిండి మునిగితే గడియ గడిచినట్టు. వెంటనే వేలాడదీసిన ఇత్తడి పలక మీద కొట్టేవారు. 1526లో ఢిల్లీ గెలిచిన బాబరు ఈ పద్ధతిని తన ఆత్మకథలో వివరంగా రాశాడు. రాత్రి మెలకువ వచ్చినవాళ్ళకి మూడో నాలుగో దెబ్బలు వినిపిస్తే అది ఏ జామో తెలిసేది కాదట. అందుకని గడియల లెక్క అయ్యాక, ఎన్నో జామో అదీ కొట్టమని ఆజ్ఞ ఇచ్చాడు.

పాదుషాకి పక్కమీద తోచిన ఇబ్బంది మనకి వంటింట్లో రోజూ ఉన్నదే. చేతులు పిండిలో ఉన్నప్పుడు కాలాన్ని చూడలేం, వినగలం.

గద్వాల సంగతే చూడండి. నూలు చీరకి పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేసే ఊరది. మగ్గం ముందు కూర్చున్నామె పోగు మీంచి చూపు తిప్పితే పని చెడుతుంది. కళ్ళు పోగుకిస్తే కాలానికి మిగిలేవి చెవులే. కోటలో చెన్నకేశవస్వామి గుడి ఉంది. గుడిగంటకి ఇంటింటా గడియారం అక్కర్లేదు. వనపర్తి రాజభవనంలో 1959లో పాలిటెక్నిక్ వెలిసింది. రాజులున్నచోట పిల్లలు గంట విని పాఠాలకి కూర్చున్నారు. ఇక నాగర్‌కర్నూలు పల్లెల్లో పుట్టినవాళ్ళు బడిగంట ఎలా మోగేదో తామే చెప్పాలి.

హైదరాబాదు వెళ్ళినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో సంగీత గడియారం చూసే ఉంటారు. కలకత్తా కుక్ అండ్ కెల్వీ వారిది. గంట కాబోతుంటే తలుపు తెరుచుకుని గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది. పిల్లలూ పెద్దలూ ముందే చేరి కూర్చుంటారు. గంట వినడానికి పదిమంది ఒకచోట చేరడం ఇప్పుడు ప్రదర్శనశాలలోనే మిగిలిందా అనిపిస్తుంది.

ఇప్పుడు ఎవరి ఫోను వారిది, ఎవరి టైము వారిది. చూపు తగ్గిన అత్తగారు మాత్రం "ఎంతయిందమ్మా?" అని పదిసార్లు అడుగుతుంది. విసుక్కోకండి. ఆవిడ కాలం ఒకప్పుడు వీధి వీధంతా మోగేది.

కోటలు కట్టినవారి పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. ఏ గంట విని ఏ ఇల్లాలు పొయ్యి వెలిగించిందో ఎక్కడా రాసిలేదు. ఈసారి ఆవిడ టైము అడిగినప్పుడు చెప్పేసి ఊరుకోకండి. "మీ చిన్నప్పుడు ఎలా తెలిసేదండీ?" అని మీరూ అడగండి. చెప్పింది ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. అటక మీద పాత గడియారముంటే దింపి, ఆ రెండో కన్నానికి కూడా కీ ఇవ్వండి.

సెలవు.